కుడి దవడలో ఆయన వెండి

ఆ వీధిలో బొత్తాలమ్మ అంటేనే ఆమె ఎవరో తెలుస్తుంది. చొక్కాకి బొత్తాం ఊడినా, కోటు కాజా పిగిలినా, పిల్లల యూనిఫాం పొట్ట దగ్గర బిగుసుకుపోయినా అందరూ ఆ నాలుగు మెట్లెక్కి ఆమె ముందు గదిలోకే వస్తారు. గది అంటే పెద్దదేం కాదు. కిటికీ కింద బల్ల, దాని మీద కుట్టుమిషను, గోడవారన బిస్కెట్ల డబ్బాలు. డబ్బాల్లో బిస్కెట్లు ఏనాడూ ఉండవు. రెండు కన్నాల బొత్తాలు ఒకదాంట్లో, నాలుగు కన్నాలవి ఇంకోదాంట్లో, జత దొరకనివన్నీ అడుగున పెద్ద డబ్బాలో. ఆ పెద్దదానికి ‘పెళ్ళికానివాళ్ళ డబ్బా’ అని పేరు పెట్టింది ఆమె భర్త.

పేర్లు పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆమెను బొత్తాలమ్మను చేసిందీ ఆయనే. దారం పంటితో తెంపే అలవాటు మాన్పించాలని చిన్న కత్తెరకు రిబ్బను కట్టి మెడలో వేసిందీ ఆయనే. “నోరున్నది మాట్లాడటానికీ తినటానికీ. కత్తిరించడానికి కత్తెరుంది” అనేవాడు. పళ్ళ సంగతి ఆయనకు తెలియక ఎవరికి తెలుస్తుంది? బతుకంతా పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాడు మరి.

ఆ రోజుల్లో పుచ్చుపన్ను పూడ్చే వెండి తయారుగా వచ్చేది కాదు. వెండిపొడి ఒక సీసాలో, పాదరసం ఒక సీసాలో ఉండేవి. చిన్న గాజు కల్వంలో రెండూ వేసి మెత్తగా నూరాలి. ఆ ముద్దను గుడ్డలో కట్టి, ఎక్కువైన పాదరసాన్ని చేత్తో పిండెయ్యాలి. ఆ తర్వాత వేళ్ళ మధ్య నొక్కి చెవి దగ్గర పెట్టుకోవాలి. కొత్త చెప్పులు వేసుకుని నడిచినప్పటిలా కిర్రుమంటే పాకం కుదిరినట్టు. మెత్తగా, చప్పుడు లేకుండా అణిగిపోయిందంటే ఆయన దాన్ని డాక్టరు దాకా పోనిచ్చేవాడు కాదు, పారబోసి మళ్ళీ నూరేవాడు.

ఆ కిర్రుమనడం బొత్తాలమ్మ మొదటిసారి విన్నది పెళ్ళికి ముందు. పంటి నొప్పితో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఆ క్లినిక్‌కి వెళ్ళింది. డాక్టరు కుడివైపు చివరి దంతంలో వెండి కూరుతుంటే ఆ చప్పుడు చెవిలోపలి నుంచి వచ్చినట్టు అనిపించింది. నోరు కడుక్కుని, “లోపల ఎవరో కొత్త చెప్పులేసుకుని నడుస్తున్నట్టుందండీ” అంది. కల్వం తుడుస్తున్న కుర్రవాడు తలెత్తాడు. “ఎవరో కాదు, నేనే” అన్నాడు. డాక్టరు కసిరాడు. వాళ్ళమ్మ కళ్ళెర్రజేసింది. ఆ కుర్రవాడితోనే పెళ్ళయి, కూతురు పుట్టి, అదే వైపు ఇంకో రెండు పళ్ళకు ఆయన నూరిన వెండే పడ్డాక కూడా, అన్నం తింటూ తింటూ ఆగి అడుగుతుండేవాడు: “ఏమోయ్, నడుస్తున్నానా ఇంకా?”

“మెల్లగా నడవండి, తిండి తిననిస్తారా?” అనేది ఆమె.

పోయిన చలికాలం, బయటికి వెళ్దామని బూటు లేసు కట్టుకుంటూ ఆయన కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయాడు. గుండె, అన్నారు. ఒక లేసు కట్టి ఉంది, ఒకటి లేదు.

అప్పటినుంచి బొత్తాలమ్మ కుడివైపు నమలడం మానేసింది. ఎవరూ చెప్పలేదు, తనూ అనుకుని చేయలేదు. మొదట రొట్టె ముక్క దానంతటదే ఎడమకు పోయింది. తర్వాత అదే పద్ధతైంది. ఆయన బట్టలు మడిచి పైన పెట్టినట్టే, ఆయన కప్పు కడిగి బోర్లించినట్టే, ఆ మూడు పళ్ళనూ వాడకుండా పక్కన పెట్టింది. బ్రష్షు కూడా అటువైపు భయంభయంగా తాకి తిరిగొచ్చేది. అరిగిపోతే మళ్ళీ నూరిపెట్టే చెయ్యి ఏది?

ఒకరోజు ఆమె ముందు గదిలో కోటు పని చేస్తోంది. ఆడపడుచు వచ్చి కూర్చుంది, కూతురూ వచ్చింది. ఆడపడుచు వీధి చివర బేకరీలో కౌంటరు దగ్గర ఉంటుంది. రొట్టెతో పాటు ఊరి కబుర్లు కూడా పొట్లం కట్టి ఇస్తుందని ఆమెకు పేరు. అంతలో పక్కింటి రిటైరైన పోలీసాయన ప్యాంటు పట్టుకొచ్చాడు.

“నడుము దగ్గర వదులు చేయాలా, బిగించాలా?” అడిగింది బొత్తాలమ్మ.

“నా నడుము కదల్లేదమ్మా, ఎక్కడిదక్కడే ఉంది. ప్యాంటే నన్ను విడిచి పారిపోవాలని చూస్తోంది. నువ్వే పట్టుకుని అప్పగించాలి” అన్నాడాయన, దొంగ మీద ఫిర్యాదు ఇస్తున్నంత గంభీరంగా.

బొత్తాలమ్మకు నవ్వొచ్చింది. భర్త పోయాక మొదటిసారి, నోరంతా తెరుచుకుని, కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వింది. కూతురు చేతిలోని ఫోను పక్కన పెట్టి తల్లినే చూస్తూ ఉండిపోయింది. పోలీసాయన మంచి పని చేసిన వాడిలా మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

“వదినా!” అంది ఆడపడుచు. “నీ నోట్లో ఆ నల్లవి ఇంకా అలాగే ఉన్నాయా?”

నవ్వు సగంలో తెగింది. “ఉండక? కాళ్ళొచ్చి వెళ్ళిపోతాయా?”

“అది పాదరసం వదినా. విషం. మా బేకరీకి వచ్చే ఆవిడ ఫోన్లో చూపించింది, ఇప్పుడందరూ తీయించేసుకుంటున్నారు. ఎన్నేళ్ళయిందో అవి పెట్టి! నీకెందుకా మొండితనం? అన్నయ్య పోయాక కూడా...” అని ఆగింది. అక్కడితో ఆగినా బాగుండేది. “అసలు అన్నయ్యను మింగిందీ అదే. వట్టి చేతుల్తో ఆ పాదరసం పిండీ పిండీ పోయాడు.”

బొత్తాలమ్మ సూదిని కోటులోకి గుచ్చి, అక్కడే వదిలింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇప్పుడూ గొంతు పెంచకుండానే ఆడపడుచు వైపు తిరిగింది.

“మీ నాన్న ఏ పాదరసం పిండాడమ్మాయ్? ఆయన తోలింది లారీ. ఆయనా ఇలాగే గుండె పట్టుకుని పోయాడుగా. స్టీరింగు మింగిందా ఆయన్ని?”

ఆడపడుచు ముఖం కందిపోయింది. కూతురు మధ్యలోకి వచ్చింది. “అత్త చెప్పింది నిజమో కాదో నాకు తెలీదు. కానీ అమ్మా, నల్లగా బాగాలేవు కదా. పాతబడ్డాయి కూడా. మా ఆఫీసు పక్కన క్లినిక్‌లో మూడూ తీసేసి తెల్లవి పెడతారట. నేను శనివారానికి నీ పేరు రాయించేశాను. వచ్చి తీసుకెళ్తా.”

“నా నోరు నువ్వు రాయించడమేంటే?”

“నీ మంచికేగా!”

“మంచికైతే అడుగుతారు. రాయించరు.” సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “మీ నాన్న పెట్టింది ఒక్కటి కూడా బయటికి రాదు. శనివారం కాదు, ఏ వారమూ రాదు. ఇక ఆ మాట ఎత్తకండి.”

ఆ మాట ఎత్తింది వాళ్ళు కాదు, పన్నే. మర్నాడు చల్లని నీళ్ళు తాగుతుంటే కుడివైపు చివరి దంతంలో జివ్వుమని లాగింది. చెంప పట్టుకుని పొయ్యి గట్టుకు ఆనుకుంది. లాగింది ఆ మూడింట్లో మొదటిది. కిర్రుమని నడిచినది. ‘నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి’ అని తనకు తనే సర్దిచెప్పుకుంది. మరో రోజు గోరువెచ్చని టీకి కూడా లాగింది. అప్పుడు చెప్పుకోవడానికి ఏ సాకూ దొరకలేదు. నాలుకతో తడిమితే అంచు దగ్గర గరుకుగా తగిలింది. తిన్నది అక్కడే ఇరుక్కుంటోంది. పైగా, అన్ని నెలలు ఒంటరిగా బరువు మోసిన ఎడమ దవడ పొద్దున లేచేసరికి కొయ్యబారి ఉంటోంది.

నొప్పి కన్నా భయం ఎక్కువైంది. ఈ సంగతి బయటికి పొక్కిందా, ఆడపడుచు ‘చెప్పానా?’ అంటుంది, కూతురు చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది, ఒకటి చెడితే మూడూ పోతాయి. పంటి బిగువున ఓర్చుకుందామంటే ఆ పన్నే సాయం రావడం లేదు. చివరికి శనివారం ఇంకా రాకముందే, మెడలో కత్తెర తీసి బల్ల మీద పెట్టి, తలుపు వేసి, ఎవరికీ చెప్పకుండా బయల్దేరింది. కూతురు చెప్పిన చోటికి కాదు. ఆయన పనిచేసిన చోటికి.

పాత డాక్టరు పోయి చాలా కాలమైంది. మెట్లు అవే, చెక్క కటకటాలూ అవే. లోపల గోడలు తెల్లబడ్డాయి, కుర్చీ మారింది. కల్వం ఉండే కిటికీ గట్టు మీద ఇప్పుడు కంప్యూటరు. డాక్టరమ్మకు కూతురి వయసే ఉంటుంది. జుట్టు టోపీలో దోపుకుని, చేతులు కడుక్కుంటూ “చెప్పండమ్మా, ఏం ఇబ్బంది?” అంది.

బొత్తాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. “ముందే చెబుతున్నా. మూడూ తీసేయాలంటే ఇలాగే లేచి పోతాను.”

“మీరింకా కూర్చోలేదు కదండీ, లేవడానికి” అంది డాక్టరమ్మ. “చూడకుండా నేను ఒక్కటి కూడా తీయను. ఎవరు తీయమన్నారు?”

“మా ఇంట్లో అందరూ. నా నోరు సత్రమైపోయింది, ఎవరు పడితే వాళ్ళు దూరుతున్నారు.”

డాక్టరమ్మ నవ్వి కుర్చీ చూపించింది. దీపం వేసి, చిన్న అద్దంతో ఒక్కో పన్నూ చూసింది. కొక్కెంలాంటి సన్నని కడ్డీతో వెండి అంచు చుట్టూ తడిమింది, గాలి కొట్టింది. చివరి పంటికి గాలి తగలగానే బొత్తాలమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎక్స్‌రే తీసి కంప్యూటరులో పెద్దదిగా చూపించింది.

“ఈ రెండూ నల్లబడ్డాయి, అంతే. అంచు ఎక్కడా విడలేదు, పన్ను బీటలివ్వలేదు, కింద పుచ్చు లేదు. పాతవని, నల్లవని తీస్తే వాటితో పాటు బాగున్న పంటిని కూడా కొంత చెక్కాలి. ఎందుకు? కొంచెం మెరుగు పెడితే చాలు. చెకప్‌కి వచ్చినప్పుడల్లా చూసుకుందాం.”

బొత్తాలమ్మ భుజాలు కిందికి దిగాయి. “మరి ఆ చివరిది?”

“అది తీయాలమ్మా.” డాక్టరమ్మ తెర మీది ఎక్స్‌రేలో వేలితో చూపించింది. తెల్లగా మెరిసే వెండి కింద చిన్న మసక నీడ. “ఇక్కడ అంచు దగ్గర సందు పడింది. లోపల పుచ్చు మొదలైంది. చల్లటిది, వేడిది తగిలితే లాగుతున్నది అందుకే. ఇలాగే ఉంచితే నరం దాకా పోతుంది. అప్పుడు వెండి కాదు, పన్నే పోవచ్చు.”

“అది మొదటిది” అంది బొత్తాలమ్మ.

డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. కానీ ముఖం చూసి, చేతి తొడుగులు తీసి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. బొత్తాలమ్మ కిటికీ గట్టు వైపు చూపించి, అక్కడ ఎవరు నిలబడి నూరేవారో చెప్పింది. ఆడపడుచు అన్న మాటా చెప్పింది. చెప్పి, ఎవరినీ అడగలేక ఇన్నాళ్ళూ మింగుకున్నది అడిగేసింది. “ఆయన్ని తీసుకుపోయింది అదేనా?”

“అబద్ధం చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. ఆయన్ని నేను చూడలేదు, ఆయన జబ్బు సంగతి నాకు తెలీదు. రోజూ వట్టి చేతుల్తో పిండటం మంచిది కాదు, అందుకే ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. అంతకు మించి నేను చెబితే అది ఊహే. మీ ఆడపడుచు చెప్పినా ఊహే.” ఎక్స్‌రే వైపు చూపిస్తూ, “మీ నోట్లో గట్టిపడ్డ వెండి సంగతి వేరు. బాగున్నవి మీకేమీ చేయవు. వాటిని ఊరికే తొలిస్తేనే పాదరసం ఆవిరి ఎక్కువ లేస్తుంది. అందుకే అవసరమైనదాన్నే తీస్తాం, అదీ జాగ్రత్తలు తీసుకుని” అంది. మళ్ళీ అంది: “ఒకటి అడగనా? మీరు ఈ వైపు నమలడం లేదు కదూ?”

“ఎలా తెలిసింది?”

“ఎడమ చెంప కండ రాయిలా ఉంది. కుడివైపు పాచి పేరుకుంది. సందు ఎప్పటిదో గానీ, బ్రష్షు పోక పుచ్చు తొందరగా పెరిగింది. ఎందుకు వదిలేశారు ఈ వైపు?”

బొత్తాలమ్మ చేతులకేసి చూసుకుంది. “అరిగిపోతాయని.”

“ఆయన పెట్టింది నమలడానికే కదమ్మా.”

ఆమెకు సర్రున కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. “ఆలోచించి చెబుతా” అని లేచింది.

“ఆలోచించండి. మరీ చలికాలం దాకా ఆలోచించకండి” అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి సగంలో ఆపిన కోటు ముందు వేసుకుంది. పొట్ట దగ్గరి బొత్తాం ఆమె కుట్టినదే, ఎన్నాళ్ళ కిందటిదో. దారం ఒక్క పోగు కూడా వదల్లేదు. దాని చుట్టూ గుడ్డే అరిగిపోయి చీకిపోయింది. బొత్తాం పట్టుకుని లాగితే గుడ్డతో సహా ఊడి చేతిలోకి వచ్చేటట్టుంది. ఇలాంటివి ఎన్ని చూసింది! ‘ఇంత గట్టి బొత్తాన్ని తీయనే తీయను’ అని ఆ చీకిన గుడ్డకే వదిలేసిందా ఎప్పుడైనా? కత్తిరించి, చీకినంత మేర తీసేసి, అడుగున కొత్త గుడ్డ వేసి కుట్టేది. బొత్తాం చెడ్డదని ఒక్కనాడూ అనుకోలేదు.

కత్తెర తీసింది. కోటు పని పూర్తి చేసింది. మడిచి పెట్టి, క్లినిక్‌కి ఫోను చేసి, “రేపు వస్తున్నా. ఒక్కటే. రెండో దాని మీద చెయ్యి పడితే ఊరుకోను” అంది.

డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. పంటి చుట్టూ రబ్బరు పొర బిగించింది, నోటి పక్కన గాలి లాగే గొట్టం పెట్టింది, నీళ్ళు చిమ్ముతూ తొలచడం మొదలుపెట్టింది. ఇప్పుడు లోపల ఎవరూ నడవడం లేదు. బండరాయి మీద ఇనుము గీసినట్టు మోగుతోంది. మత్తు సూదికి మొద్దుబారిన చెంపలోంచే బొత్తాలమ్మ వింది. కాసేపటికి డాక్టరమ్మ ఆగి మణికట్టు విదిలించుకుంది.

“పుచ్చు ఒక పక్కనే ఉంది. మిగతా అంతా పట్టు వదలట్లేదు. ఎంత గట్టిగా కుదిరిందమ్మా ఇది!”

నోటి నిండా సామాను. మాట రాదు. బొత్తాలమ్మ కుర్చీ చేతి మీంచి బొటనవేలు ఎత్తి చూపించింది. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు.

తెల్లటిది పెట్టి, కొరికి చూడమని, ఎత్తుపల్లాలు సరిచేసి పంపింది. తీసిన ముక్కలు అడగాలనుకుంది బొత్తాలమ్మ. వాటిని మూత బిగించిన డబ్బాలో వేయడం చూసి మానుకుంది. రెండు నోట్లోనే ఉన్నాయి కదా, డబ్బాలోవి దేనికి?

శనివారం కూతురూ ఆడపడుచూ చెప్పుకున్నట్టు కలిసే వచ్చారు. “తయారయ్యావా అమ్మా?” అంది కూతురు గుమ్మంలోంచే.

“నాది అయిపోయింది. మీ క్లినిక్ వాళ్ళకి రావట్లేదని చెప్పెయ్.” నోరు తెరిచి చూపించింది. చివర ఒక తెల్లటిది. దాని పక్కన రెండు వెండివి, మెరుగు పెట్టినవి, కొత్త చెంచాల్లా.

“చూశావా, చెప్పానా?” అంది ఆడపడుచు. “చివరికి తీయించావుగా! ఒకటి తీయించినదానివి మిగతా రెండూ...”

“అమ్మాయ్, ఆగు.” బొత్తాలమ్మ లేచి నిలబడింది. “నువ్వు చెప్పావని తీయలేదు. కింద పన్ను చెడింది, తీయించాను. ఈ రెంటి కింద పన్ను నిక్షేపంలా ఉంది, తీయించను. ఇవి చెడే రోజు వస్తే ఇవీ తీయిస్తా. ఆ రోజు డాక్టరమ్మా నేనూ చూసి చెబుతాం. నీ బేకరీలో ఎవరి ఫోనూ చెప్పదు. ఇంకోసారి మీ అన్నయ్య పని విషమన్నావంటే ఈ గుమ్మం ఎక్కక్కర్లేదు.”

ఆడపడుచు తిరిగి అంటుందనే తల్లీకూతుళ్ళిద్దరూ చూశారు. కానీ ఆమె కుర్చీలో కూలబడి, ఎడమ చెంప మీద చెయ్యి వేసుకుంది.

“నాకూ ఒకటుంది వదినా” అంది సన్నగా. “అన్నయ్య నూరిందే. నేను భయపడుతుంటే ముద్ద నా చెవి దగ్గర పెట్టి వినిపించాడు. నాన్న పోయాడు, అన్నయ్య పోయాడు. ఎప్పుడూ దాన్ని నాలుకతో తడుముకుంటూనే ఉంటాను, ఇక నా వంతే అని. నీవి తీయించేస్తే... నేనూ ధైర్యం చేసి తీయించుకుందామనుకున్నా.”

బొత్తాలమ్మ కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మిషను దగ్గరి చిన్న లైటు తీసి పట్టుకుంది. “నోరు తెరువు.”

“ఇప్పుడా?”

“ఊరంతా వినేలా తెరుస్తావుగా రోజూ. తెరువు.”

కూతురు ఫక్కున నవ్వింది. ఆడపడుచు నోరు తెరిచింది. లోపల, ఎడమవైపు, నల్లబడిన చిన్న వెండి చుక్క. చేతి గుర్తు లేదు, సంతకం లేదు. అయినా బొత్తాలమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

“నా కంటికి బాగానే ఉంది. నా కన్ను చాలదు. సోమవారం ఇద్దరం వెళ్దాం. గుండె సంగతి కూడా గుండె డాక్టరుకి చూపించుకో, అది పంటి మీద తోయకు. నేను దాచుకుని ఒకటి పోగొట్టుకున్నాను. నువ్వు భయపడి పోగొట్టుకోకు.”

లోపలికి వెళ్ళి వేయించిన వేరుశనగ గింజల గిన్నె తెచ్చి బల్ల మీద, బొత్తాల మధ్య పెట్టింది. ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుంది. నాలుక అలవాటుగా ఎడమకు తోయబోయింది. ఆమె పట్టుబట్టి కుడికి తిప్పి, దవడ దించింది. గింజలు పటపటమన్నాయి.

“మెల్లగా వదినా!” అంది ఆడపడుచు కంగారుగా.

“ఎందుకు మెల్లగా?” అంది బొత్తాలమ్మ, నోటి నిండా గింజలతో. గిన్నెలోంచి ఇంకో గుప్పెడు తీసుకుంది.